అత్తమ్మకు గర్భసంచి జారింది.. తీసేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అత్తమ్మకు 54 ఏళ్లు. నలుగురు పిల్లలు, అన్నీ ఇంటి కాన్పులే. ముట్లు ఆగి మూడేళ్లయింది. ఐదారేళ్లుగా కింద గడ్డలాంటిది బయటికొస్తోందట. పొద్దున లేవగానే ఉండదు, సాయంత్రానికి కోడిగుడ్డంత అవుతుంది. మూత్రం సరిగా రాదు, చేత్తో దాన్ని లోపలికి నెట్టుకుంటేనే వస్తుంది. నడుం నొప్పి ఎప్పటి నుంచో ఉంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, మొన్న పత్తి ఏరుతూ చేనులోనే కూలబడితే నాకు చెప్పింది. దగ్గర్లోని నర్సింగ్ హోంలో ‘గర్భసంచి తీసేద్దాం, అంతే’ అన్నారు. హైదరాబాద్‌లో చూపిస్తే ‘తీసేస్తే చాలదు, రీకన్‌స్ట్రక్టివ్ సర్జరీ చేయాలి’ అన్నారు. ఆ పేరు వినగానే మా మామయ్య అదేదో పెద్దాపరేషన్ అని, క్యాన్సరేమో అని టెన్షన్ పడుతున్నారు. అసలది ఏం ఆపరేషన్? ఎన్నాళ్లు పడుకోవాలి? మళ్లీ చేనుకు పోగలదా? నడుం నొప్పి పోతుందా? ఇంకో మాట, నాకు కాన్పయి ఐదు నెలలు. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతున్నాయి. నాకూ అత్తమ్మలాగే అవుతుందా?

సమాధానం: అమ్మా, ముందు మీ మామయ్య భయం సంగతి చూద్దాం. మనిషిని చూడకుండా జబ్బు ఖాయం చేయలేను గానీ, మీరు రాసిన తీరు చూస్తే ఇది గర్భసంచి జారడమే. ఇవి క్యాన్సర్ లక్షణాలు కావు. జారిన గర్భసంచి రేపు క్యాన్సర్ అవుతుందని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి, అట్లా మారదు. ఈ వారమే ఆపరేషన్ చేయించాలన్న తొందర కూడా లేదు. పత్తి ఏరుడు అయిపోయాక, సంక్రాంతి దాటాక తీరిగ్గా చేయించుకోవచ్చు. నాలుగు సందర్భాల్లో మాత్రం ఆగొద్దు. మూత్రం పూర్తిగా ఆగిపోతే, బయటికొచ్చిన గడ్డ వాచి లోపలికి పోకపోతే, జ్వరంతో పాటు చీము వాసన వస్తే, ముట్లు ఆగిన ఇన్నేళ్లకు నెత్తురు కనపడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెత్తురుకు చాలాసార్లు కారణం చిన్నదే. బయటపడ్డ గర్భసంచి మూతి లంగాకు రాసుకుని పుండు పడుతుంది, అక్కడి నుంచి మరక అవుతుంది. అయినా స్కానింగ్, అవసరమైతే గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క పరీక్ష చేశాకే ఆ మాట అనాలి. అవి లేకుండా ఏ ఆపరేషన్‌కూ ఒప్పుకోకండి.

ఇక లోపల జరిగింది చెప్తాను. గర్భసంచికి ముందు మూత్రసంచి, వెనక పెద్దపేగు చివరి భాగం ఉంటాయి. ఈ మూడింటినీ కింద నుంచి కండరాల పొర ఒకటి మోస్తుంది. పైనుంచి, పక్కల నుంచి లిగమెంట్లు, అంటే తాళ్లలాంటి గట్టి పోగులు, పట్టుకుని ఉంటాయి. కాన్పులో బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఆ కండరాలు చాలా సాగుతాయి, కొన్నిచోట్ల చినుగుతాయి. నొప్పులు గంటల తరబడి సాగినా, గర్భసంచి మూతి పూర్తిగా తెరుచుకోకముందే ముక్కమని పెట్టిన బలవంతమైనా, బిడ్డ పెద్దదైనా దెబ్బ ఎక్కువ. ముట్లు ఆగాక హార్మోన్ తగ్గి మిగిలిన పట్టు కూడా పలచబడుతుంది. దాని మీద ఏళ్ల తరబడి బరువులు, మలబద్ధకం, పొయ్యి పొగకో చుట్టకో పట్టుకున్న దగ్గు. మర్రిగూడ, దేవరకొండ, అచ్చంపేట వైపు మెట్ట పల్లెల్లో మీ అత్తమ్మ వయసు ఆడవాళ్లు బావి నుంచో ట్యాంకరు నుంచో ఎన్ని బిందెల నీళ్లు మోశారో లెక్కే లేదు. పురుడు వెళ్లగానే మళ్లీ గడ్డిమోపు ఎత్తినవాళ్లే చాలామంది. అందుకే ఈ జబ్బు ఇక్కడ ఇంత మామూలు. మామూలు కాబట్టే ఎవరూ నోరు తెరిచి చెప్పరు.

అంటే చెడిపోయింది గర్భసంచి కాదు, దాన్ని పట్టి ఉంచిన ఆధారం. నులక మంచం వదులైందని దాని మీద పడుకున్న మనిషిని దించేస్తే మంచం బిగుస్తుందా? నులక లాగి కట్టాల్సిందే. హైదరాబాద్ డాక్టరు అన్నది కూడా ఇదే. రీకన్‌స్ట్రక్టివ్ సర్జరీ అంటే జారిన భాగాలను మళ్లీ వాటి చోటికి చేర్చి, గట్టిగా ఉన్న లిగమెంట్లకు కుట్టి, చినిగిన పొరలను సరిచేయడం. గర్భసంచి తీయడం ఇందులో ఒక భాగం కావచ్చు, కాకపోనూ వచ్చు. పేరు విని పొట్ట నిలువునా కోస్తారని మీ మామయ్య అనుకుంటున్నారేమో. ఎక్కువమందికి పొట్ట మీద గాటే ఉండదు, మొత్తం యోనిదారి నుంచే చేస్తారు.

‘తీసేద్దాం, అంతే’ అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. గర్భసంచి తీశాక యోని పైకొస లోపల మిగులుతుంది, దాన్ని వాల్ట్ అంటాం. ఇంతకుముందు గర్భసంచిని పట్టుకున్న లిగమెంట్లకు ఆ వాల్ట్‌ను బిగించి కట్టకపోతే, కొన్నేళ్లకు అదే కిందికి దిగుతుంది. ‘గర్భసంచి తీసేసిండ్రు గదా, మళ్ల గీ గడ్డ యాడికెళ్లి వచ్చింది డాక్టరమ్మా’ అని అడిగినవాళ్లను నా సర్వీసంతా చూస్తూనే వచ్చాను. వాళ్లకు చేసే రెండో ఆపరేషన్ మొదటిదాని కంటే కష్టం. లోపల అతుకులుంటాయి, కట్టడానికి దొరికే కణజాలం తక్కువ.

మన దగ్గర గర్భసంచి తీయడం మరీ తేలికైపోయింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం చిల్లర ఉన్నారు. మన తెలంగాణలో 8 శాతం దాకా తేలారు. తెల్లబట్టకు, కడుపునొప్పికి కూడా తీసేసినవాళ్లు ఇందులో ఉన్నారన్నది ఈ వృత్తిలో ఉన్న అందరికీ తెలిసిన సంగతే. అనవసరంగా గర్భసంచులు తీయకుండా చూసే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. అట్లాగని మీ అత్తమ్మకు తీయకూడదని నేను అనట్లేదు. 54 ఏళ్లు, ముట్లు ఆగాయి, గర్భసంచి బయటిదాకా వచ్చింది. ఆమె విషయంలో యోనిదారి నుంచి గర్భసంచి తీసి, వాల్ట్‌ను కట్టి, యోని ముందూ వెనకా గోడలు సరిచేయడం న్యాయమైన పద్ధతే. గర్భసంచిని ఉంచి, దాన్నే పైకి లాగి కట్టే పద్ధతులూ ఉన్నాయి, వాటి ఫలితాలూ బాగానే ఉన్నాయి. రెండింట్లో ఏది అన్నది ఆమెతో మాట్లాడి తేల్చాలి. ‘నా గర్భసంచి నాకుండాలె’ అనే పెద్దమ్మలుంటారు, ‘తీసేస్తే పీడ పోతది’ అనేవాళ్లూ ఉంటారు. తీస్తే మాత్రం, ‘తీశాక వాల్ట్‌ను దేనికి కడతారు?’ అని సర్జన్‌ను అడగండి. ‘కట్టేదేముంది, ముందు పక్క నాలుగు కుట్లు వేస్తాం’ అంటే దండం పెట్టి బయటికి రండి.

ఆపరేషన్‌కు ముందు ఇంకో దారి ఉంది. మన జిల్లాల్లో దాన్ని అడిగేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు అంతకంటే తక్కువ. పెసరీ అని సిలికాన్ రింగు ఒకటి ఉంటుంది. సైజు చూసి యోనిలో అమరుస్తారు, జారిన భాగాన్ని అది లోపలే ఆపి ఉంచుతుంది. కోతా కుట్టూ లేవు. నాలుగైదు నెలలకోసారి తీసి, కడిగి, లోపల పుండు పడిందేమో చూసి మళ్లీ పెడతారు. తీసి పెట్టుకోవడం నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. కాస్త తెల్లబట్ట పెరుగుతుంది, పుండు పడకుండా కొందరికి హార్మోన్ క్రీమ్ రాస్తారు. గుండె జబ్బు ఉండి మత్తు ఇవ్వలేనివాళ్లకు, సుగర్ అదుపులోకి వచ్చేదాకా ఆగాల్సినవాళ్లకు ఇది చాలా ఉపయోగం. పత్తి పని అయ్యేదాకా మీ అత్తమ్మకూ పెట్టొచ్చు. సుఖంగా ఉంటే ఆపరేషనే వద్దని అలాగే ఉండిపోవచ్చు కూడా. తప్పేం లేదు.

పరీక్షల గురించి ఎక్కువ చెప్పను. సుగర్, బీపీ, ఈసీజీ, మూత్ర పరీక్ష, పాప్ స్మియర్ (గర్భసంచి మూతికి చేసే క్యాన్సర్ పరీక్ష), పొట్ట స్కానింగ్ అందరికీ చేస్తారు. బాగా జారినవాళ్లలో కొందరికి కిడ్నీల నుంచి మూత్రసంచికి వచ్చే గొట్టాలు నొక్కుకుని కిడ్నీలు వాస్తాయి, అందుకే స్కానింగ్‌లో కిడ్నీలు కూడా చూడమనండి. హిమోగ్లోబిన్ 8, 9 దగ్గర ఉంటే ఆపరేషన్ కాస్త ఆపి, మందులతో 10 దాటించుకుని రావడం మంచిది. ఒక పరీక్షను మాత్రం అడిగి మరీ చేయించండి. జారిన భాగాన్ని లోపలికి నెట్టి పట్టుకుని, మూత్రసంచి నిండుగా ఉన్నప్పుడు గట్టిగా దగ్గమంటారు. జారినప్పుడు మూత్రం బయటికి వచ్చే నాళం మడతపడి ఉంటుంది కాబట్టి లీక్ బయటపడదు. ఆపరేషన్‌తో దాన్ని తిన్నగా చేయగానే, కొందరికి అప్పటిదాకా లేని లీక్ మొదలవుతుంది. ‘బాగుచేయించుకుంటే కొత్త రోగం తగిలించిండ్రు’ అని తిట్టుకునేది ఇక్కడే. ముందే తెలిస్తే, అదే మత్తులో మూత్రనాళం కింద సన్నటి పట్టీ పెట్టి సరిచేయాలా, తర్వాత చూసుకోవాలా అని మాట్లాడుకోవచ్చు.

ఇక ఆపరేషన్ పద్ధతులు. యోని గోడ ముందు పక్క జారితే మూత్రసంచిని పైకి నెట్టి కింది పొరను దగ్గరికి తెచ్చి కుడతారు. వెనక పక్క జారితే పేగు వైపు అట్లాగే చేస్తారు. పైభాగాన్ని నిలబెట్టడమే అసలు పని. దానికి గర్భసంచి వెనక లిగమెంట్లనైనా వాడతారు, ఇంకా లోతుగా, పిరుదు ఎముకకు వెన్ను చివరి ఎముకకు మధ్య ఉండే సాక్రోస్పైనస్ లిగమెంట్‌నైనా వాడతారు. రెండూ ఆమె సొంత కణజాలంతో చేసేవే. ఇంతకుముందే గర్భసంచి తీయించుకుని వాల్ట్ జారినవాళ్లకు పొట్ట వైపు నుంచి, చాలాచోట్ల ల్యాప్రోస్కోపీతో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ), మెష్ అనే వలపట్టీతో వాల్ట్‌ను వెన్ను ఎముకకు కట్టే ఆపరేషన్ బాగా నిలబడుతుంది. బాగా పెద్ద వయసు వచ్చి, సంసారం వద్దనుకునేవాళ్లకు యోనిదారిని చాలావరకు మూసేసే చిన్న ఆపరేషన్ ఉంది. తక్కువ సేపు, తక్కువ మత్తు, ఫలితం గట్టిది. ఒకసారి మూస్తే మూసినట్టే. భార్యాభర్తలిద్దరూ కూర్చుని అవునంటేనే చేయాలి. ముప్ఫై ఏళ్లకే జారి, ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు గర్భసంచిని ఉంచి పైకి కట్టే స్లింగ్ పద్ధతులకు పేరు తెచ్చింది మన బొంబాయి డాక్టర్లే. శిరోద్కర్, పురందరే పేర్లతోనే ఆ ఆపరేషన్లను ఇప్పటికీ పిలుస్తారు.

మెష్ మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. యోనిదారి నుంచి గోడల్లో మెష్ పెట్టే పద్ధతి ఒకప్పుడు జోరుగా నడిచింది. అది కోసుకుని బయటికి రావడం, తీరని నొప్పి లాంటివి చాలామందిలో కనపడ్డాయి. 2019 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ రకం మెష్‌ల అమ్మకం ఆపేయమంది. పొట్ట వైపు నుంచి పెట్టే మెష్, మూత్రం లీక్‌కు పెట్టే సన్నటి పట్టీ ఆ ఆదేశంలోకి రావు. కాబట్టి మెష్ అనగానే బెదిరిపోనక్కర్లేదు. ఎటు నుంచి పెడతారు, ఎందుకు, మెష్ లేకుండా కుదరదా అని అడగాలి. మొదటిసారి ఆపరేషన్ చేయించుకునే మీ అత్తమ్మకు అది లేకుండానే సరిపోవాలి.

ఆపరేషన్ రోజు వెన్నులో సూది ఇస్తారు. నడుం కింది నుంచి మొద్దుబారుతుంది, మెలకువగానే ఉంటుంది, ఇనుము చప్పుళ్లు వినపడతాయి. ఇది ముందే చెప్పండి, లేకపోతే థియేటర్లో భయపడి బీపీ పెరుగుతుంది. గంటన్నర, రెండు గంటల పని. బయటికొచ్చేటప్పుడు మూత్రపు పైపు ఉంటుంది, లోపల గాజుగుడ్డ పెట్టి ఉంటుంది. గుడ్డను మర్నాడు తీస్తారు, పైపును ఒకటి రెండు రోజులకు. పైపు తీశాక మూత్రం పూర్తిగా పోతోందా అని చూస్తారు. కొందరికి మూత్రసంచి మొరాయిస్తుంది, అప్పుడు పైపుతోనే ఇంటికి పంపి వారం తర్వాత రమ్మంటారు. కంగారు పడొద్దు, చాలావరకు సర్దుకుంటుంది. సాక్రోస్పైనస్ కుట్టు వేస్తే కట్టిన వైపు, ఎక్కువగా కుడి పిరుదులో, సలుపు కొన్ని వారాలుంటుంది. మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తారు, పెద్దాసుపత్రిలో అయితే ఒకటి రెండు రోజులు అటూఇటూ.

ఇబ్బందులు ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేరు. నెత్తురు పోవడం, ఇన్ఫెక్షన్, అరుదుగా మూత్రసంచికో పేగుకో దెబ్బ తగలడం, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం ఉంటాయి. అందుకే మర్నాటి నుంచే నడిపిస్తారు, మీరు జాలిపడి పడుకోబెట్టకండి. పిక్క ఒకవైపు వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే తీసుకెళ్లండి. జారుడు మళ్లీ రావచ్చు. పదిమందిలో ఇద్దరు ముగ్గురికి ఏళ్లు గడిచాక ఎంతో కొంత జారుతుంది, అందరికీ రెండో ఆపరేషన్ పడదు.

ఆపరేషన్ ఎంత బాగా చేసినా, ఇంటికొచ్చాక మొదటి ఆరు వారాల్లోనే కుట్ల గతి తేలుతుంది. మన ఇళ్లలో పత్యం పేరుతో జరిగేది నాకు బాగా తెలుసు. పప్పు తింటే చీము, వంకాయ తింటే చీము, నీళ్లు తాగితే కుట్లు నానుతాయి. వారం రోజులు ఎల్లిపాయ కారం, అన్నం, రెండు గ్లాసుల వేడినీళ్లు. మూడో రోజుకు మలం రాయిలా గట్టిపడుతుంది, ఆమె గోడ పట్టుకుని ముక్కుతుంది, కొత్తగా వేసిన కుట్ల మీదే ఆ బరువంతా పడుతుంది. నేను చెప్పే పత్యం ఇంకోటి. జొన్నరొట్టె, పప్పు, తోటకూర, పాలకూర, జామపండు, మజ్జిగ, రోజంతా మీద రెండున్నర లీటర్ల నీళ్లు. కోడిగుడ్డు, మాంసం అలవాటుంటే ఆపొద్దు. రాత్రి పూట ఇసబ్‌గోల్ లేదా డాక్టరు రాసిన విరేచనం సిరప్. దగ్గు ఉంటే ఆపరేషన్‌కు ముందే మందు వాడి తగ్గించుకోవాలి, చుట్ట ఉంటే మానాలి. గొంతుకు కూర్చునే లెట్రిన్ అయితే, మెడికల్ షాపులో దొరికే కమోడ్ కుర్చీ కొనడమో అడిగి తెచ్చుకోవడమో చేయండి. ఎండకాలం కుట్లు మానవన్న మాటలో నిజం లేదు. పైగా మన ఊళ్లలో ఎండకాలం చేను పని తక్కువ, ఆమెను ఇంట్లో కూర్చోబెట్టడం తేలిక.

తెల్లగానో, లేత ఎరుపుగానో తడి నాలుగు నుంచి ఆరు వారాలు అవుతుంది. కుట్టు దారాలు కరిగేవే. ముక్కలు ముక్కలుగా ప్యాడ్ మీద కనపడితే కుట్లు ఊడిపోయాయని ఏడవొద్దు. దుర్వాసన, జ్వరం, తాజా నెత్తురు వస్తేనే ఆసుపత్రికి. ఆరు వారాల దాకా భార్యాభర్తలు దూరంగా ఉండాలి, పరీక్ష చేసి మానిందని చెప్పాక మామూలుగా ఉండొచ్చు. ఈ మాట మీరు చెప్పలేరు, డిశ్చార్జి రోజు మీ మామయ్యను పిలిచి డాక్టరుతోనే చెప్పించండి. గర్భసంచి తీస్తే సంసారానికి పనికిరాదన్న మాట ఊళ్లో ఎవరో ఆమె చెవిన వేసే ఉంటారు. అది అబద్ధం. చాలామందికి గడ్డ అడ్డం పోయాక ఇంకా సుఖంగానే ఉంటుంది. కొందరికి యోని బిగుతై నొప్పి రావచ్చు, దానికి మందులున్నాయి.

చేను పని గురించి అడిగారు. రెండు వారాలకు ఇంట్లో తిరుగుతూ కూరగాయలు తరుక్కోవచ్చు, ఆరు వారాలకు వంట, చిన్న పనులు. నిండు బిందె 15 కిలోలు దాటుతుంది, మూడు నెలల దాకా దాని జోలికి పోవద్దు. ఆ తర్వాత చేనుకు పోవచ్చు, పత్తి ఏరొచ్చు. ఏరిన పత్తి మూట నెత్తికెత్తుకోవడం, యూరియా బస్తా ఒక కొస పట్టడం, గడ్డిమోపు మోయడం మాత్రం ఇక ఎప్పటికీ వద్దు. బస్తా 45 కిలోలుంటుంది, లోపలి కుట్లకు ఆ బరువు మోసే సత్తా ఉండదు. కొడుకులున్నారు కదా, ఎత్తనివ్వండి.

మూత్రం ఇబ్బంది చాలావరకు తీరుతుంది. చేత్తో నెట్టుకోవాల్సిన అవసరం దాదాపు పోతుంది. నడుం నొప్పి మాటకు మాత్రం నేను హామీ ఇవ్వను. జారుడు వల్ల వచ్చే నొప్పి అయితే సాయంత్రానికి పెరిగి, పడుకోగానే తగ్గుతుంది. పొద్దున లేస్తూనే పట్టేసే నొప్పి, కీళ్లు వంగకపోవడం ఉంటే దాని కారణం వేరే. మీ ప్రాంతంలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల ఎముకల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ‘గర్భసంచి తీస్తే నడుం నొప్పి పోతుంది’ అని ఒప్పించి ఆపరేషన్లు చేసేవాళ్లున్నారు. ఆ ఆశతో మాత్రం టేబుల్ ఎక్కించకండి.

ఎక్కడ చేయించాలంటారా? మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆ ఆసుపత్రుల గైనిక్ ఓపీలో మొదట చూపించండి. అక్కడ కుదరని కేసు అయితే హైదరాబాద్‌లో పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి, గాంధీ ఉన్నాయి, ఇటు బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. ప్రైవేటులో ఆరోగ్యశ్రీ కింద చేయించేటట్టయితే, ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర కూర్చుని, గర్భసంచి తీయడం ఒక్కటే ప్యాకేజీలో ఉందా, వాల్ట్ కట్టడం, గోడలు సరిచేయడం కూడా వస్తాయా అని ముందే తేల్చుకోండి. ఆరోగ్యశ్రీలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల పరిమితి ఉన్నా, ప్యాకేజీలో లేని పనికి చేతి డబ్బే పడుతుంది. ఆపరేషన్ చేసే డాక్టరును, ఇలాంటివి నెలకు ఎన్ని చేస్తారమ్మా అని అడగడంలో మర్యాద తప్పడం ఏమీ లేదు. డిశ్చార్జి కాగితంలో ఏ ఆపరేషన్ చేశారో, దేనికి కట్టారో వివరంగా రాయించుకుని లామినేషన్ చేయించి పెట్టండి. పదేళ్ల తర్వాత మళ్లీ అవసరం పడితే ఆ కాగితం చాలా పని చేస్తుంది.

ఇక చివర్లో రెండు ముక్కల్లో తేల్చేసిన మీ సంగతి. కాన్పయిన ఐదు నెలలకు దగ్గితే చుక్కలు పడటం చాలామందిలో ఉంటుంది, కండరాలు పుంజుకుంటే ఎక్కువమందికి తగ్గిపోతుంది. మీ అత్తమ్మలాగే అవుతుందని రాసిపెట్టి లేదు. దగ్గుతో సంబంధం లేకుండా పగలూ రాత్రీ మూత్రం కారుతూనే ఉంటే మాత్రం అది వేరే జబ్బు. మూత్రసంచికీ యోనికీ మధ్య రంధ్రం పడి ఉండొచ్చు, వెంటనే చూపించాలి. మీరు రాసింది అట్లా లేదు. మీకు కావాల్సింది వ్యాయామం, అదీ సరిగ్గా చేయాలి. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా బిగపట్టుకుంటాం చూడండి, ఆ కండరమే. దాన్ని లోపలికి, పైకి లాగి ఐదు సెకన్లు పట్టి ఉంచండి, ఐదు సెకన్లు వదిలేయండి. అలవాటయ్యాక పది సెకన్లకు పెంచండి. ఒక విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు. పాపకు పాలిస్తూ కూడా చేయొచ్చు. ఊపిరి బిగపట్టొద్దు, పొట్ట, తొడలు, పిరుదులు బిగించొద్దు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపుతూ చేయమని కొందరు చెప్తారు, అది అలవాటు చేసుకోకండి. దగ్గు, తుమ్ము వస్తోందని తెలియగానే ముందు ఆ కండరం బిగించి, తర్వాత దగ్గండి. కాన్పయినవాళ్లకు గుడ్డతో బిగించి కట్టే నడికట్టు ఈ కండరానికి ఏ మేలూ చేయదు. ఐరన్ మాత్రలతో మలబద్ధకం వస్తుంటే మాత్రలు మానకుండా డాక్టరుకు చెప్పి మార్పించుకోండి. ఇంకో బిడ్డ కావాలనుకుంటే కాన్పు ఆసుపత్రిలోనే.

మూడు నెలలు వదలకుండా చేశాక కూడా చుక్కలు ఆగకపోతే, అత్తమ్మను చూపించడానికి పోయిన రోజు మీ పేరు మీద కూడా ఒక ఓపీ చీటీ రాయించుకోండి.